కాయితంలో లేని మాట

చాలా ఏళ్ల కిందట, శ్రీకాకుళం జిల్లాలో నేను పాఠాలు చెబుతున్న ఒక కళాశాలలో విచారణ కమిటీ వేశారు. అక్కడ ఊడ్చే పని చేసే ఒకామె, పై అధికారి తనను నానా మాటలూ అన్నాడని ఫిర్యాదు చేసింది. కమిటీలో అయిదుగురం. స్త్రీని నేనొక్కదాన్నే. ఆమె మా ముందు నిలబడి, "అందరి ముందర అనరాని మాటన్నారు బాబూ. నా పని నాను సేసుకుంతన్నాను గదా" అంది. నివేదికలోకి వచ్చేసరికి ఆ మాట "సిబ్బంది మధ్య తలెత్తిన స్వల్ప అపోహ" అయింది. చివర "ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని ఉంది. గదిలో నేను గట్టిగానే వాదించాను. తర్వాత సంతకం పెట్టాను.

వారం తర్వాత వరండాలో ఎదురుపడింది. "నీ తరఫునే మాట్లాడానమ్మా" అన్నాను. "కాయితంలో నేదు గదమ్మా" అని, ఊడ్చుకుంటూ వెళ్లిపోయింది.

పనిచేసే చోట తగాదా వస్తే మనుషులు అయిదు రకాలుగా ప్రవర్తిస్తారని అమెరికాలో థామస్, కిల్మన్ అనే ఇద్దరు 1970లలో ఒక పట్టిక తయారుచేశారు. పోరాడడం, తప్పుకోవడం, ఒదిగిపోవడం, రాజీపడడం, కలిసి పరిష్కరించుకోవడం. ఉద్యోగుల శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ ఇదే చెబుతారు. ఆ పట్టికలో నేను "తప్పుకునే" రకం కాబోలు. కానీ ఇవి స్వభావాలేనా? ఎవరికి ఏ పద్ధతి అందుబాటులో ఉందన్నది ఎవరు నిర్ణయిస్తారు? ఈ ప్రశ్నతో మా ఉత్తరాంధ్ర చరిత్రనే మళ్లీ చదువుకున్నాను.

విజయనగరం మహారాజా పాఠశాలలో గురజాడ అప్పారావు, గిడుగు రామమూర్తి సహాధ్యాయులు. వాడుక భాష కోసం ఒకే పక్షాన నిలబడ్డారు. పోరాడిన తీరు మాత్రం వేరు. విద్యార్థులు ఏ తెలుగులో రాయాలో తేల్చడానికి మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన సంఘంలో గురజాడ సభ్యుడు. అధిక సంఖ్యాకులు గ్రాంథికం వైపు మొగ్గారు. ఆయన సంఘం వదిలి బయటికి రాలేదు, సంతకంతో సరిపెట్టుకోనూ లేదు. 1914లో పుస్తకమంత అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. మరుసటి ఏడాది నవంబరు 30న కన్నుమూశారు. నాటికి ఆయన ఓడిపోయినట్టే. కానీ ఓటమి కాగితం మీద ఉంది కాబట్టి తర్వాతి తరాలు దాన్ని తిరగదోడగలిగాయి.

గిడుగుది సభలో నిలదీసే పద్ధతి. పర్లాకిమిడిలో మాస్టారుగా ముప్ఫై ఏళ్లు పనిచేసి 1911లో విరమించాక ఆయన ఊరూరా తిరిగారు. పాత పుస్తకాలు మోసుకెళ్లి, గ్రాంథికవాదుల రాతల్లోని తప్పులే తీసి చూపించేవారు. 1919లో 'తెలుగు' పత్రిక పెట్టారు. అంతకుముందే సవర భాష తెలిసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆ ఇంట్లో అతనికి అన్నం వండి వడ్డించిన చేతుల గురించి మన భాషా చరిత్రలు మాట్లాడవు.

ఒకాయనకు సంఘంలో కుర్చీ ఉంది. మరొకాయనకు సభలో వేదిక ఉంది. ఆ కుర్చీల్లో ఒక్క స్త్రీ కూడా లేదు. తెలుగు ఇళ్లలో ఆడవాళ్లు మాట్లాడే భాషకు వ్యాకరణ గౌరవం ఇవ్వాలా వద్దా అన్నది మగవాళ్లే తేల్చుకున్నారు. ఆ రోజుల్లో గురజాడకు పని ఇచ్చినావిడ మాత్రం స్త్రీ. ఆయన ఆనంద గజపతి సోదరి, రీవా రాణి అప్పలకొండమాంబకు ఆంతరంగిక కార్యదర్శి. 1897లో ఆనంద గజపతి మరణించాక సంస్థానంలో జరిగిన దత్తతపై ఆమె కోర్టుకెక్కారు. ఏళ్లు నడిచిన ఆ వ్యాజ్యం రాజీతో ముగిసింది. వకీళ్లను పెట్టుకునే స్తోమత ఉన్న రాణికి న్యాయస్థానం దారి అయింది. అయినా గురజాడ జీవిత చరిత్రలో ఆవిడ ఒక వాక్యంగా మిగిలిపోయారు.

మరి కుర్చీ, వేదిక, వకీలు ఏదీ లేనివాళ్లో? 2023 డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు సమ్మెకు దిగారు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లోనూ కేంద్రాలకు తాళాలు పడ్డాయి. వాళ్లకు ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. అప్పట్లో కార్యకర్తకు 11,500 రూపాయలు, ఆయాకు 7,000. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులేనని 2022లో సుప్రీంకోర్టు చెప్పినా, అది కూడా డిమాండ్ల జాబితాలోనే ఉండిపోయింది. 2024 జనవరి 6న ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఉద్యోగులుగా గుర్తించమని అడిగితే మీది స్వచ్ఛంద సేవ అంటారు. పని ఆపితే అత్యవసర సేవ అంటారు! సమ్మె 42 రోజులు సాగి చర్చలతో ముగిసింది. అడిగినవన్నీ రాలేదు. అయినా ఆ 42 రోజులూ వాళ్ల మాటను "స్వల్ప అపోహ"గా తిరగరాయడం ఎవరి తరమూ కాలేదు. రోడ్డు మీద కూర్చున్న వేలమంది శరీరాలే వాళ్ల అసమ్మతి పత్రం.

ఆ పట్టిక చెప్పనిది ఇదే. పద్ధతి స్వభావంలోంచే రాదు, నిలబడిన చోటులోంచి కూడా వస్తుంది. ఊడ్చే ఆమెకు ఫిర్యాదు ఒక్కటే ఆయుధం. ఆమెది పక్కా ఉద్యోగం కాదు, వెనకాల సంఘం లేదు. అయినా నోరు విప్పింది. పర్మనెంటు ఉద్యోగం, కమిటీలో కుర్చీ, చేతిలో కలం ఉన్నది నాకు. గురజాడకున్నవే నాకూ ఉన్నాయి. వాడుక భాష గెలిచిందని ఏటా ఆగస్టు 29న గిడుగు జయంతి జరుపుకుని, ఉపన్యాసాలు ఇచ్చేవాళ్లం. అదే కళాశాలలో ఒక ఆడమనిషి తన భాషలో చెప్పుకున్న బాధను గ్రాంథికం చేసి మాయం చేశాం. మాయం చేసిన చేతుల్లో నా చెయ్యీ ఉంది.

ఆ తర్వాత నేను మరో మూడు కమిటీల్లో కూర్చున్నాను. ప్రతిసారీ ఫిర్యాదు చేసినామె మాటల్ని ఆమె అన్నట్టే, యాసతో సహా రాయించాను. ఒకసారి "నేను దీనితో ఏకీభవించడం లేదు" అని నాలుగు వాక్యాలు రాసి, కింద సంతకం పెట్టాను. నివేదిక మారలేదు. రెండు నెలలు స్టాఫ్ రూములో నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఊడ్చే ఆమె అప్పటికే పని మానేసి వెళ్లిపోయింది. ఆ నాలుగు వాక్యాలు ఆమెకు చూపించే అవకాశం నాకు రాలేదు.