బంతి సాగినంత దూరం

తెలుగు పిల్లలు నేర్చే తొలి మాటల్లో ‘బువ్వ’ ఒకటి. పందొమ్మిదవ శతాబ్దంలో గోదావరి సీమలోని మండపేటలో ఒక గృహస్థునికి ఆ మాటే పేరైపోయింది. ఆయన అసలు పేరు అనుప్పిండి భవానీశంకరం. ఆకలితో వచ్చినవారికి లేదనకుండా అన్నం పెట్టేవారు కనుక ఊరివారు ఆయనను ‘బువ్వన్న’ అని పిలుచుకొన్నారు. 1841లో ఆయనకు పుట్టిన కుమార్తెయే డొక్కా సీతమ్మ గారు. ఎమిరేట్లలో పెరుగుతున్న మన పిల్లలకు అన్నదానమంటే ఏమిటో చెప్పాలంటే ఆమె పొయ్యి దగ్గర మొదలుపెట్టడం మంచిది. అక్కడి నుంచి మనం నివసిస్తున్న ఈ నేల వంటశాలల దాకా నడిచి వద్దాం.

సీతమ్మ గారు లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారిని వివాహమాడారు. ఆయన కలిగిన రైతు. ఆ ఊరు కోనసీమలో వైనతేయ గోదావరి ఒడ్డున ఉంది. చుట్టూ గోదావరి పాయలు, లంక భూములు. ఆ కాలంలో పడవ దాటి వచ్చే బాటసారికి దారిలో భోజనం దొరకడం కష్టం. ఏ వేళలో తలుపు తట్టినా సీతమ్మ గారు ఎసరు పెట్టేవారు. వచ్చినవారి కులమేదని, మతమేదని అడిగేవారు కారు.

ఆమెను గురించి గోదావరి జిల్లాల్లో ఒక కథ చెప్పుకొంటారు. ఒకసారి ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారట. దారిలో ఒక పెళ్ళి బృందం ఎదురుపడింది. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే, ‘గన్నవరం చేరితే సీతమ్మ గారింట భోజనం దొరుకుతుంది’ అని పెద్దలు ఓదార్చడం ఆమె చెవిన పడింది. వెంటనే పల్లకిని వెనుకకు మళ్ళించి, వారికంటే ముందే ఇల్లు చేరి వంట సిద్ధం చేయించారట. దర్శనం మానుకొన్నందుకు ఆమె చింతించినట్లు ఆ కథ ఎక్కడా చెప్పదు. ఎదురుచూసిన పండుగ ఇంటికే వచ్చినట్లు ఆమె పొయ్యి రాజేశారు.

1909లో సీతమ్మ గారు కన్నుమూశారు. తరువాతి కాలంలో గన్నవరం వద్ద వైనతేయపై కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి కూడా ఆమె పేరే పెట్టింది.

నలుగురికి వండటం వేరు, నాలుగువందల మందికి వండటం వేరు. పెద్ద వంటలకు మన ఊళ్ళలో నేలలో కాలువలా తవ్వి గాడిపొయ్యి తీస్తారు. దానిమీద గుండిగలు వరుసగా ఎక్కుతాయి. ఉడికిన అన్నాన్ని వార్చి రాశిగా పోస్తారు. నైవేద్యం పెట్టకముందు రుచి చూడకూడదు కనుక, గుడి వంటవారు ఉప్పు సరిపోయిందో లేదో వాసనతోనూ అనుభవంతోనూ గ్రహించాలి. నిండు గుండిగను ఒక్కరు దించలేరు. కాబట్టి పెద్ద వంట ఎప్పుడూ పదిమంది చేతి పనే. కూరలు తరిగేవారు, బియ్యం కడిగేవారు, వడ్డించేవారు ఒకరికొకరు తోడుంటారు. తినేవారు రాకముందే అక్కడ ఒక చిన్న ఊరు ఏర్పడుతుంది. వంటలోని ఆనందం సగం అక్కడే పుడుతుంది.

మనం వచ్చి చేరిన ఈ ఎడారి నేలకు కూడా అటువంటి పెద్ద వంట ఒకటి ఉంది. దానిపేరు హరీస్. అరబ్బీలో ఆ పేరుకు మూలమైన ధాతువుకు దంచడం, నలగగొట్టడం అని అర్థం. నానబెట్టిన గోధుమలను, మాంసాన్ని, ఉప్పును నీటిలో గంటల తరబడి ఉడికించి, చెక్క తెడ్డుతో మెత్తగా మెదుపుతారు. రంజాన్ నెలలోనూ, పండుగలకూ, పెళ్ళిళ్ళకూ దీనిని పెద్ద పాత్రల్లో వండి ఇరుగుపొరుగు ఇళ్ళకు పంపడం ఇక్కడి ఆచారం. ఎమిరేట్లు, ఒమన్, సౌదీ అరేబియా కలిసి చేసిన ప్రతిపాదనపై యునెస్కో 2023లో హరీస్ వంట పరిజ్ఞానాన్ని మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ వంటకు తెలుగు నేలతో పాత చుట్టరికముంది. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి అరబ్బులు హైదరాబాదుకు వచ్చారు. వారి సైనిక నివాసాలైన బ్యారక్సు పేరే వాడుకలో బార్కస్ అయింది. వారు వెంట తెచ్చుకొన్న హరీస్‌కు మన మసాలాలు, పప్పులు తోడై హైదరాబాదీ హలీంగా మారింది. దానికి 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. పొట్టకూటికి అరబ్బులు దక్కనుకు వచ్చిన ఆ దారిలోనే, చమురు కాలంలో మనవారు ఎదురు నడిచారు.

దుబాయిలో 1958 నుంచి హిందువులకు ఆలయముంది. జబల్ అలీలో గురునానక్ దర్బార్ గురుద్వారా 2012లోనూ, దాని పొరుగున కొత్త హిందూ దేవాలయం 2022లోనూ ప్రారంభమయ్యాయి. గురుద్వారాలోని లంగర్‌లో వచ్చినవారందరికీ ఉచితంగా భోజనం పెడతారు. 2017లో అక్కడ 101 దేశాలవారు కలిసి అల్పాహారం తీసుకొన్నారు. లంగర్‌లో అందరూ ఒకే వరుసలో కూర్చోవడాన్ని పంజాబీలో ‘పంగత్’ అంటారు. మన పెళ్ళిభోజనాల్లో ఆ వరుసను ‘బంతి’ అంటాం. రెండు మాటలకూ తల్లి సంస్కృతంలోని ‘పంక్తి’యే. పిల్లలను అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు ఈ సంగతి చెబితే, తెలుగు మాట ఒకటి వారికి జీవితాంతం గుర్తుంటుంది.

ఈ చరిత్రలో మనం దాటవేయకూడని పుట ఒకటుంది. 1970ల తరువాత కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి వేలాదిమంది గల్ఫు దేశాలకు వచ్చారు. కార్మికులు ఒకే గదిలో పలువురు ఉంటూ, వంతులవారీగా వండుకొని కడుపు నింపుకొన్నారు. పప్పుచారు కాచడం ఊళ్ళో ఎన్నడూ నేర్వని మగవారు ఇక్కడ నేర్చుకొన్నారు. సీతమ్మ గారు పుట్టిన గోదావరి సీమ నుంచే ఎందరో ఆడపడుచులు ఇంటిపనికి వచ్చారు. తమ బిడ్డలకు తమ చేతి ముద్ద అందక, పరాయి బిడ్డలకు వండిపెట్టి, ఆ జీతంతో సొంత ఇంటి పొయ్యి మండించారు. వారి వంట కూడా పరుల కోసం చేసినదే. కాని అలసిన చేతికి విశ్రాంతి లేనప్పుడు, వద్దనడానికి వీలులేనప్పుడు, వంటలో ఆనందం మిగలదు. ఇంటి పనివారికి వారానికొక రోజు వేతనంతో కూడిన సెలవు ఉండాలని ఈ దేశంలో 2017 నాటి చట్టం నిర్దేశించింది. 2022లో దాని స్థానంలో వచ్చిన చట్టం కూడా వారాంతపు విశ్రాంతిని కొనసాగించింది. ఆ సెలవునాడు తనవారి కోసం తన ఇష్టంతో చింతపండు నానవేసిన అమ్మకు, వంట మళ్ళీ తనదవుతుంది.

సీతమ్మ గారికి దక్కిన సంతోషం అటువంటిది. పెట్టమని ఆమెను ఎవరూ ఆజ్ఞాపించలేదు. కనుక అన్నదానాన్ని పిల్లలకు నేర్పేటప్పుడు వడ్డనతోపాటు వంటవారి శ్రమను కూడా చూపించాలి. మన వేడుకల్లో తెల్లవారకముందే లేచి వండిన తల్లులు, వంటవారు చివరి బంతిలో, చల్లారిన అన్నంతో సరిపెట్టుకోవడం పాత అలవాటు. అది మార్చుకోదగిన అలవాటు. రాబోయే పండుగనాడు వారినే మొదటి బంతిలో కూర్చోబెట్టి, మన పిల్లల చేత విస్తళ్ళు వేయించుదాం. ‘మారు వడ్డించమంటారా అమ్మా?’ అని వారు తెలుగులో అడగాలి. అవతలివారు చాలనేదాకా గరిటె దించకూడదు.