ఆంగ్ల సర్వనామాన్వయము – ఉద్దాన సీమ భాషలు

నామవాచకమునకు బదులుగా నిలిచి, స్వతస్సిద్ధమైన అర్థమేదియు లేక, వాక్యమునందు గాని సందర్భమునందు గాని అంతకుముందే నెలకొనియున్న వ్యక్తినో వస్తువునో సూచించు పదము సర్వనామము. అది సూచించు నామమును పూర్వపదమనియు, ఆ రెంటి సంబంధమును అన్వయమనియు చెప్పుదుము. ఆంగ్లమున ఈ అన్వయమును గ్రహించుట తెలుగు విద్యార్థికి ఏల క్లేశకరమగుచున్నదో విచారించుటకు శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి ప్రాంతములును, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి మండలముల మీదుగా సాగు ఉద్దాన తీరమును మిక్కిలి అనువైన క్షేత్రములు. ఏలయనగా ద్రావిడ కుటుంబమునకు చెందిన తెలుగు, ఆర్యభాషయైన ఒడియా, ముండా శాఖకు చెందిన సవర అను మూడు భాషలును ఈ సీమలో ఇరుగుపొరుగున మసలుచు, మూడు విధములైన సర్వనామ వ్యవస్థలను మన కన్నులయెదుట నిలుపుచున్నవి.

సర్వనామమును ప్రత్యేక భాషాభాగముగా గుర్తించిన పాశ్చాత్యులలో గ్రీకు వైయాకరణులు ప్రథములు. క్రీ.శ. 2వ శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమున వసించిన అపొల్లోనియస్ డిస్కొలస్ ఈ విషయముపై ప్రత్యేక గ్రంథమునే రచించి, ఎదుటనున్న దానిని నిర్దేశించుట వేరనియు, ముందు చెప్పబడిన దానిని మరల స్మరింపజేయుట వేరనియు వివేచించెను. పాణిని 'సర్వ' శబ్దాది గణమునకు సర్వనామ సంజ్ఞ నొసగినను, అతని దృష్టి ప్రధానముగా రూపసిద్ధియందే లగ్నమైయుండెను. ఇక ఆంగ్లము: ప్రాచీనదశలో ఆ భాషయందలి నామములకు వ్యాకరణలింగముండెడిది; అది క్రమముగా నశించి, హీ, షీ, ఇట్ అను మూడు రూపములు మాత్రము లోకమునందలి స్త్రీపురుషభేదము ననుసరించి నిలిచినవి. నేటి ఆంగ్లేయులకు ప్రాణప్రదమైన 'దే' వారి సొంత సొత్తు కాదు; స్కాండినేవియా నుండి వచ్చి స్థిరపడినవారి భాషనుండి చేరినది. ఏకవచనముగా వాడబడుచుండిన 'దౌ' 17వ శతాబ్దము తరువాత ప్రామాణిక వ్యవహారమునుండి తొలగిపోగా, 'యూ' ఒక్కటే బాలునకును, వృద్ధునకును, సభకును మిగిలినది. సర్వనామము లింగవచనములయందు పూర్వపదము ననుసరింపవలెనను నియమమును బడిపిల్లల నోటికి తెచ్చిన గ్రంథము 1795లో వెలువడిన లిండ్లీ మర్రే వ్యాకరణము. మన దేశమున ఆ పనిని పిమ్మట నెస్ఫీల్డు వ్యాకరణమును, తదుపరి రెన్, మార్టిన్ ల వ్యాకరణమును కొనసాగించినవి.

తెలుగున ఈ విషయము సుసంపన్నము. 1858లో బాలవ్యాకరణమును వెలువరించిన చిన్నయసూరి ఆ, ఈ, ఏ అను మూటికిని త్రికమని పేరిడెను. దూరమున నున్నవాడు వాడు, చేరువనున్నవాడు వీడు, తెలియనివాడు ఎవడు. ఇట్టి దూరసామీప్య వివేచన ఆంగ్లమున దిస్, దట్ లకే పరిమితమై, హీ, షీ లకు సోకలేదు. మన భాషలో ఏకవచనమున పురుషుడొక పక్షమున నుండగా, స్త్రీయు, పశుపక్షి జడపదార్థములును మరియొక పక్షమున చేరి, 'కోడలు వచ్చినది', 'ఆవు వచ్చినది' అని క్రియ ఒక్కటే యగును. బహువచనమున స్త్రీలు పురుషులతో కలిసి 'వచ్చిరి' అనిపించుకొందురు. ఆంగ్లము దీనికి విపర్యయము: ఏకవచనమున మూడు తెరగులు, బహువచనమున మనుష్యులకును కొబ్బరికాయలకును 'దే' ఒక్కటే. 'రైతులు కొబ్బరికాయలను రాశులు పోసిరి' అన్న పిమ్మట 'అవి' యన్నచో కాయలు, 'వారు' అన్నచో రైతులు అని తెలుగు పాఠకుడు తడువుకొనకుండ గ్రహించును. అదే చదువరి ఆంగ్లమున 'దే' యను పదము నెదుర్కొన్నప్పుడు, తరువాతి క్రియ వచ్చి తీర్పు చెప్పువరకును వేచియుండవలెను.

వీనియన్నింటికంటె సూక్ష్మమైనది 'తాను'. 'జీడిపిక్కల వర్తకుడు రైతుతో తాను మరునాడు వత్తుననెను' అన్నచో వచ్చువాడు వర్తకుడే. 'అతడు మరునాడు వచ్చుననెను' అన్నచో వచ్చువాడు మరియొకడని తోచును. 'తాను' ప్రథమపురుష వాచకమైనను, అనుకృతవాక్యమున దాని క్రియ 'వత్తును' అని ఉత్తమపురుషరూపమును దాల్చి, వర్తకుని మాటను వర్తకుని కంఠముతోనే వినిపించుట ఈ భాషయొక్క అపూర్వ శిల్పమని నా నిశ్చితాభిప్రాయము. ఆంగ్లమున ఆ తావున 'హీ' మాత్రముండుటచే వర్తకుడో రైతో తేలదు. దక్షిణాసియా భాషలయందలి ఇట్టి పదములపై 2000లో వెలువడిన బృహత్సంకలనమునకు సంపాదకులలో నొకరైన కారుమూరి వి. సుబ్బారావు, బి. లలితామూర్తితో కూడి తెలుగును గూర్చిన ప్రకరణమును రచించిరి. శ్రోతను కలుపుకొను 'మనము', వెలుపల నుంచు 'మేము' అను భేదమును ఆంగ్లమునందలి 'వీ' యందు లోపించినది. 'వాడు, అతడు, ఆయన, వారు' అను గౌరవసోపానమంతయు 'హీ' యను ఒక్క మెట్టుగా కుదించుకొనిపోవును. మరియు, క్రియాంతమే కర్తను తెలుపుచుండుటచే మనము సర్వనామమును తరచుగా వదలివేయుదుము; ఆంగ్లమున అట్లు వదలరాదు.

శ్రీకాకుళ ప్రాంత వ్యవహారమున 'నేను' 'నాను' గాను, 'వాడు' 'ఆడు' గాను, 'వాళ్లు' 'ఆల్లు' గాను వినవచ్చునే గాని, అన్వయ వ్యవస్థ తక్కిన తెలుగుదానివంటిదే. ఒడియాయందు అట్లు కాదు: 'సే' యను ఒక్క పదమే ఆతనికిని ఆమెకును చెల్లును. సవరయందలి 'అనిన్' కూడ స్త్రీపురుషభేదము నెరుగదు. కావున ఇంట ఒడియాయో సవరయో పలుకు బాలునకు హీ, షీ ల విభజన సరికొత్త సంగతి కాగా, తెలుగు బాలునకు విభజన తెలిసియు, దాని సరిహద్దు మరియొకచోట గీయబడియుండుట చిక్కును కల్పించును.

ఈ భాషాసంగమమునే కార్యక్షేత్రముగ గొన్న మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). శ్రీకాకుళమునకు సమీపమున పర్వతాలపేటలో జన్మించి, 1880 నుండి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవరల భాషను వారి ముఖతః అభ్యసించి, వారి పిల్లలకు పాఠ్యపుస్తకములు రచించి, వారి భాషలోనే విద్య నేర్పవలెనని శ్రమించెను. 1931లో ఆంగ్లమున సవర వ్యాకరణమును, 1938లో సవర–ఆంగ్ల నిఘంటువును వెలయించెను. టెక్కలి, సోంపేట, పర్లాకిమిడి అప్పుడు గంజాం జిల్లాలోనివి. 1936లో ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు పర్లాకిమిడి అందు చేరుటను సహింపజాలక ఆయన ఆ యూరు విడిచి రాజమహేంద్రవరమునకు తరలిపోయెను. ఎరిగిన భాషనుండి ఎరుగని భాషకు నడిపింపవలెనను ఆయన మార్గము సర్వనామ బోధనకు సరిగా నప్పును: హీ, షీ, ఇట్ లను వల్లెవేయించుటకంటె, బాలుని భాష ఆ తావున ఏ భేదమును పాటించుచున్నదో ముందుగా వానిచేతనే చెప్పించుట మేలు.

చట్టములలో ఈ హీ, షీ ల సమస్య వేరొక రూపమును దాల్చినది. పుంలింగ పదములు స్త్రీలకును వర్తించునని బ్రిటిష్ పార్లమెంటు 1850లో శాసించెను. భారతదేశమున 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టము 13వ సెక్షను అదే నియమమును నిలిపినది. లింగము తెలియని ఒక్క వ్యక్తికి 'దే' వాడుట ఆంగ్లమున 14వ శతాబ్దమునుండి కలదు. 18వ శతాబ్దపు వైయాకరణులు దానిని దోషమని నిందించినను అది నశింపక నేడు మరల ప్రాబల్యము వహించుచున్నది. దస్తావేజు లేఖకులు మాత్రము సర్వనామమును నమ్మనే నమ్మరు: కొబ్బరితోట విక్రయపత్రమున 'అది' యని వ్రాయక 'సదరు తోట' యనియు, 'అతడు' అని వ్రాయక 'సదరు కొనుగోలుదారు' అనియు ప్రతి పంక్తియందును నామమునే పునరుక్తము చేయుదురు; ఆంగ్ల దస్తావేజులయందలి 'ది సెడ్' కూడ ఈ జాతిదే.