తోక కరిగే వారం

సూరత్‌లో లింబాయత్ అంటే సగం మన ఊరే. నల్లగొండ, వరంగల్, కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వెళ్లి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలు అక్కడ వీధి వీధికీ ఉన్నాయి. మా అక్కవాళ్లదీ అలాంటి ఇల్లే. ఆ ఇంటి మెట్ల కింద, ఖాళీ పెయింటు డబ్బాలో జరిగింది ఇదంతా.

మంగళవారం పొద్దున్నే నా మేనల్లుడు నన్ను కుదిపి లేపాడు.

"ఇంకోటి సచ్చింది మామా."

తొలి వానలకు ఖాళీ ప్లాటులో నిలిచిన నీళ్లలోంచి వాడు పదకొండు తెచ్చుకున్నాడు. మొదట చేపపిల్లలనుకున్నాడట. నల్లగా, గుండుసూది తలకు తోక పెట్టినట్టుండే గోదురుకప్ప పిల్లలు. బళ్లో టాడ్‌పోల్ అన్నారు, ఇంట్లో తోకకప్పలే. ఉడికించిన పాలకూర తిని పెరిగాయి. వెనక కాళ్లు వచ్చేదాకా ఒక్కటీ పోలేదు. చావులన్నీ ముందు కాళ్లు పొడుచుకొచ్చాకే! ఆదివారం రెండు, సోమవారం ఒకటి, ఇప్పుడిది. ఇంకేం, కప్ప అయిపోయింది అనుకున్నవే పోతున్నాయి.

పోయినదాన్ని చెంచాతో తీసి అరచేతిలో పెట్టుకున్నాను. చింతగింజంత కూడా లేని ఒళ్లు. నాలుగు కాళ్లు, సగం కరిగిన తోక. దెబ్బ లేదు, పుండు లేదు.

వాడు దిగులుతో పాలకూర రెట్టింపు వేశాడు. అవి ముట్టలేదు. ఆకు కుళ్లి నీళ్లు కంపు కొడితే, డబ్బా మొత్తం ఒంపేసి కుళాయి నీళ్లు అంచుదాకా పట్టాడు. క్లోరిన్ వాసన నా ముక్కుకే తగిలింది. ఒళ్లంతా తడి చర్మమైన జీవికి ఎలా ఉంటుందో ఊహించుకోండి.

సాయంత్రం చేపల తొట్లు అమ్మే కొట్టుకు వెళ్లాం. అతను విటమిన్ చుక్కల సీసా తీశాడు. నాకు భువనేశ్వర్ గుర్తొచ్చింది. ఉత్కళ్ విశ్వవిద్యాలయంలో ప్రియంవద మహంతి హెజ్మాది బృందం తోకకప్పల తోకలు కత్తిరించి విటమిన్ ఎ ఇస్తే, తోక మొలవాల్సిన చోట కాళ్లు మొలిచాయి. 1992లో నేచర్ పత్రికలో వచ్చిందది. మావాడి డబ్బాలో అంత ఘోరం జరుగుతుందని కాదు. నేసిన బట్టను విప్పి మళ్లీ నేస్తున్నట్టుంది మారుతున్న ఆ తోకకప్పల ఒంట్లో పని. అలాంటప్పుడు కొలత తెలియని మందు పోయడానికి నాకు చెయ్యి రాలేదు. వట్టి చేతులతో తిరిగొచ్చాం.

దారి చూపింది తాత, అక్క మామగారు. నలభై ఏళ్లు మగ్గం మీద పోగుల్ని కనిపెట్టుకుని ఉన్న కళ్లు. డబ్బా పక్కన కూచుని చాలాసేపు మాట్లాడలేదు. ఒకటి పైకొచ్చి గాలి మింగింది, నున్నటి ప్లాస్టిక్ గోడను గీరింది, జారి కిందికి పోయింది. మళ్లీ వచ్చింది.

"బిడ్డా, గివి మునిగి సస్తున్నయ్‌రా."

"నీళ్లల్ల పుట్టినయి నీళ్లల్ల మునుగుతయా తాతా?"

మునుగుతాయి. ముందు కాళ్లు వచ్చే రోజుల్లోనే మొప్పలు పోతాయి, ఊపిరితిత్తులు పనిలోకి దిగుతాయి. ఆకు అరిగించుకునే పొడవాటి పేగు కురచబడి పురుగులు తినే పొట్ట తయారవుతుంది, నోరు కొత్తగా తీరుతుంది. అందుకే ఆ కొద్ది రోజులూ తిండి ముట్టవు. తోకే సద్దిమూట. దాన్ని కరిగించుకుంటూ బతుకుతాయి. దీన్నంతటినీ నడిపేది థైరాయిడ్. 1912లో గూడెర్నాచ్ అనే శాస్త్రజ్ఞుడు జంతువుల థైరాయిడ్ గ్రంథిని మేపితే తోకకప్పలు వేళకు ముందే మారిపోయి మరుగుజ్జు కప్పలయ్యాయి.

తాతకు ఇవేవీ తెలియవు. ముందురోజు నుంచీ మూత లేకుండా ఉన్న బకెట్ నీళ్లు రెండు వేళ్ల లోతు పోసి, విరిగిన పెంకు ముక్కను ఏటవాలుగా ఆనించాడు. పాలకూర తీసి పారేశాడు. పైన దోమతెర గుడ్డ కట్టాడు.

రాత్రి పదింటికి ఒకటి పెంకెక్కింది. సగం తోక నీళ్లలో, తల గాలిలో. మావాడు ఊపిరి బిగబట్టి చూశాడు. తెల్లారేసరికి మూడు.

ఒకదానికి మాత్రం ముందు కాళ్లు దారప్పోగుల్లా ఉన్నాయి. మోచెయ్యి వంగదు, బరువు ఆనదు. ఎక్కబోయి జారింది, ఎక్కబోయి జారింది. పెంపకంలో పెరిగినవాటిలో ఇది తరచూ వచ్చే జబ్బే. మేతలో లోపం, నీళ్లలో కాల్షియం చాలకపోవడం కారణాల్లో కొన్ని. ఆ కాలు ఒకసారి బయటికొచ్చాక బాగుచేసే మందు లేదు. గురువారం పోయింది. దాన్ని మావాడు తులసికుండీలో పాతిపెట్టాడు. అదే రాత్రి ఇంకొకటీ పోయింది, ఎందుకో అంతుపట్టలేదు.

శనివారం సాయంత్రం మిగిలిన ఐదింటినీ అదే ప్లాటు గట్టున గడ్డిలో వదిలాం. ఇంట్లోనే పెంచుకుంటానని వాడు ఏడ్చాడు. అంత చిన్న నోటికి పట్టే పురుగుల్ని పూటపూటకూ ఎక్కడ తెస్తాం?

ఈ వానల్లో మీ పిల్లలూ తోకకప్పల్ని పట్టుకొస్తే, వెనక కాళ్లు కనబడ్డ రోజే ఒక పెంకు ముక్క వెతికి పెట్టండి.