మొగని పేరేంది?

మా అవ్వ మంత్రసాని. బషీరాబాద్ దిక్కు మా వాడ నుంచి ఊర్లెకు పిలుపొస్తే అర్ధరాత్రైనా పోయేది. పెద్ద కులపోళ్ల ఇండ్లల్ల బొడ్డు కోసింది మాదిగ చెయ్యే. పురుడు పోసినంక ఆ చెయ్యి తాకిన ఇల్లు కడుక్కునేటోళ్లు. కడుపు తీయించుకునే అవసరం ఆ ఇండ్లల్ల కూడా వచ్చేది. వాళ్లు రైలెక్కి పట్నం పోయేటోళ్లు. మా ఆడోళ్లకు జిల్లేడు పుల్లే దిక్కు. చీము పట్టి, జ్వరమొచ్చి సచ్చినోళ్ల పేర్లు ఏ రిజిస్టర్ల ఉన్నయి?

1860 నాటి శిక్షాస్మృతి 312వ సెక్షన్ కింద, తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప, కడుపు తీసినోళ్లకూ తీయించుకున్నామెకూ శిక్షే. 1964లో శాంతిలాల్ షా కమిటీ వేసిన్రు. 1971లో చట్టం చేసిన్రు, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అది హక్కు ఇచ్చింది ఆడమనిషికి కాదు, డాక్టరు అభిప్రాయానికి. 12 వారాల దాకా ఒక డాక్టరు, 20 వారాల దాకా ఇద్దరు ఒప్పుకోవాలని 2021 దాకా ఉండె. ఒక్క డాక్టరే దొరకని కాడ ఇద్దరు ఎక్కడ దొరుకుతరు? జాగ్రత్త పడ్డా కడుపైందని చెప్పుకునే వీలు పెండ్లయిన దానికే ఇచ్చిన్రు.

మా చిన్నవ్వ జోగిని. చిన్నప్పుడే ఎల్లమ్మ పేర విడిచిన్రు. ఊరి మగోళ్లు రాత్రి ఆమె గుడిసెకొచ్చేటోళ్లు, కాగితం మీద రాసేటందుకు ఒక్కడు లేడు. జోగినిగా విడవడం నేరమని 1988లో చట్టమొచ్చింది. ఆ మరుసటేడు ఆమెకు కడుపైంది. అప్పటికే ఒక బిడ్డ ఉంది. అవ్వ, నేను తోడుపోయినం. ఏ దవాఖానో పేరెందుకు, అన్నీ అట్లనే ఉండె. చీటీ రాసేటాయన అడిగిండు, ‘మొగని పేరేంది?’

‘దేవతకు విడిచిన్రు సారూ.’

ఆయన నవ్విండు. సంతకం పెట్టేటోణ్ని తోలుకరమ్మన్నడు.

మేజరైన ఆడమనిషికి తన సమ్మతి ఒక్కటే చాలని చట్టంలోనే ఉంది. సమ్మతి పత్రంల కూతురు లేదా భార్య అని ఉంటది, తండ్రి పేరు రాస్తే అయిపోయేది. ఇదంతా నేను చదివింది చాన ఏండ్లకు. ఆ దినం ఇంటర్ చదివే పిల్లగాణ్ని, తల వంచుకొని నిలబడ్డ. మూడుసార్లు పోయినం, మూడు కైకిళ్లు పోయినయి. మూడోసారి, పిల్లలు కాకుండ ఆపరేషన్‌కు ఒప్పుకుంటే కడుపు తీస్తమన్నరు. చిన్నవ్వ వేలిముద్ర ఏసింది.

ఆ రోజుల్లనే పట్నంల స్త్రీవాదులు గర్భం మీద హక్కు మాదని కవిత్వం రాసిన్రు. రాయవలసిందే. మా వాడ దాకా ఆ పుస్తకాలు రాలేదు, ఆపరేషన్ల కోటా వచ్చింది.

2002లో గోలీలకు అనుమతి ఇచ్చిన్రు. 2015లో దేశం మొత్తం మీద 1 కోటి 56 లక్షల గర్భస్రావాలు జరిగినయని, అందుల 73 శాతం దవాఖాన బయట గోలీలతోనే అయినయని 2018లో ఒక అధ్యయనం లెక్క తేల్చింది. జిల్లేడు పుల్ల కన్న గోలీ వెయ్యిరెట్లు నయం. రక్తం ఆగకపోతే మాత్రం మళ్ల బండి కట్టించుకొని పోవాలె.

2021 సవరణల ‘పెండ్లయిన స్త్రీ’ పోయి ‘ఏ స్త్రీ అయినా’ అని వచ్చింది. ‘భర్త’ పోయి ‘భాగస్వామి’ అయింది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు, పెండ్లి కానోళ్లకూ 24 వారాల దాకా అవకాశం ఉండాలన్నది. 312 ఇప్పుడు న్యాయసంహితల 88 అయింది, నేరం నేరంగనే ఉంది.

ఈ ముచ్చట చిన్నవ్వకు చెప్పిన. కంది పుల్లలు ఇరుస్తున్నది. ఇరుసుడు ఆపలేదు.

‘ఆపరేషన్ చెయ్యకపోతే, తర్వాతన్న ఇంకొకర్ని కందును గదరా’ అన్నది.