దుబాయ్‌లో నిర్మాణంలోని ఫ్లాటు: పనుల పురోగతి తెలుసుకొనే మార్గం

దుబాయ్‌లో నిర్మాణ దశలోనే ఫ్లాటు కొనే ప్రవాసులకు 2007 నాటి 8వ నంబరు చట్టం రక్షణ కల్పిస్తోంది. దీని ప్రకారం కొనుగోలుదారుల సొమ్మును ప్రాజెక్టు పేరిట తెరిచిన ఎస్క్రో ఖాతాలోనే జమ చేయాలి. ఆ నిర్మాణానికే వెచ్చించాలి. భవనం పూర్తయ్యాక కూడా అందులో 5 శాతాన్ని ఏడాదిపాటు నిలిపి ఉంచుతారు. 2008 నాటి 13వ నంబరు చట్టం ప్రకారం, తాత్కాలిక రిజిస్టరులో నమోదు కాని విక్రయం చెల్లదు.

నిర్మాణం ఎంత శాతం పూర్తయిందో దుబాయ్ భూమి శాఖకు చెందిన ‘దుబాయ్ రెస్ట్’ యాప్‌లో చూడవచ్చు. ఒప్పందంలోని వాయిదాలు నిర్మాణ దశలకు కాక తేదీలకు ముడిపడి ఉంటే, పనులు మందగించినా చెల్లింపు గడువులు ఆగవు. అందువల్ల బిల్డరు పంపే ఫొటోలతో సరిపెట్టుకోకుండా, సంతకానికి ముందు ఒప్పందాన్ని, ప్రతి వాయిదాకు ముందు యాప్‌లోని వివరాలను సరిచూసుకోవాలి.