లూజిన్ ప్రశ్న: ఫూరియే శ్రేణుల అభిసరణపై అర్ధశతాబ్దపు అన్వేషణ

1915లో మాస్కోలో వెలువడిన ‘సమాకలనం, త్రికోణమితీయ శ్రేణి’ అనే సిద్ధాంతగ్రంథంలో నికొలాయ్ లూజిన్ ఒక ప్రశ్న లేవనెత్తాడు. ఒక ప్రమేయపు వర్గం సమాకలనీయమైతే, దాని ఫూరియే శ్రేణి దాదాపు ప్రతిచోటా అభిసరిస్తుందా? అభిసరిస్తుందనే ఆయన ఊహించాడు. దీనికి జవాబు 1966లో గాని దొరకలేదు. ఈ మధ్యకాలంలో పలువురు గణితజ్ఞులు జవాబు ‘కాదు’ అనే వైపే మొగ్గారు. వారిని అటు నడిపిన ఆధారాలు ఏమిటి, వాటికి నిజంగా ఉన్న బలమెంత అన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

ఉష్ణప్రసారంపై ఫూరియే గ్రంథం 1822లో వచ్చింది. 1829లో డిరిక్లే అభిసరణకు తగిన నియమాలను తొలిసారిగా నిర్దుష్టంగా చెప్పాడు. అవిచ్ఛిన్నత ఒక్కటే చాలునన్న నమ్మకం ఆ తర్వాత కూడా చాలాకాలం నిలిచింది. 1873లో డ్యుబ్వా రేమోన్ దాన్ని కూల్చాడు. ఆయన నిర్మించిన ప్రమేయం అవిచ్ఛిన్నమే, కాని ఒక బిందువు వద్ద దాని ఫూరియే శ్రేణి అపసరిస్తుంది. అటువంటి బిందువులను అంతరమంతటా సాంద్రంగా పరచవచ్చునని కూడా తేలింది.

సాంద్రంగా ఉన్నదంతా పెద్దదేనా? ఈ ప్రశ్న అడగడానికి తగిన భాషను 1902 నాటి లెబేగ్ సిద్ధాంతగ్రంథం ఇచ్చింది. అకరణీయ సంఖ్యలు సంఖ్యారేఖపై ప్రతి మూలా ఉన్నాయి. అయినా మొదటిదానిపై ఒక చిన్న అంతరం, రెండవదానిపై అందులో సగం, మూడవదానిపై దానిలో సగం చొప్పున కప్పుకుంటూ పోతే, మొత్తం పొడవును ఎంత తక్కువగానైనా ఉంచవచ్చు. కనుక వాటి కొలత శూన్యం. ఈ దృష్టితో చూస్తే డ్యుబ్వా రేమోన్ ఉదాహరణ అభిసరణను తోసిపుచ్చడం లేదు, ప్రశ్నను మరో చోటికి జరుపుతోందంతే. ‘దాదాపు ప్రతిచోటా’ అంటే శూన్య కొలత గల సమితిని మినహాయించి అని అర్థం. ఆ మాట పుట్టకముందు లూజిన్ ప్రశ్నను అడగడమే సాధ్యం కాదు.

1907 నాటి రీస్–ఫిషర్ సిద్ధాంతం సగటు అర్థంలో అభిసరణను స్థాపించింది. బిందువుల వద్ద ఏం జరుగుతుందో అది చెప్పదు. 0 నుంచి 1 వరకు గల అంతరంపై 1/2, 1/3, 1/4 పొడవులు గల పట్టీలు ఒకదాని వెనుక ఒకటి జరుగుతూ, చివరికి చేరగానే మళ్లీ మొదటి నుంచి బయలుదేరుతున్నాయనుకుందాం. ఆ పొడవుల మొత్తానికి హద్దు లేదు గనుక ఈ పరిక్రమ ఆగదు. పట్టీల పొడవు శూన్యానికి చేరుతుంది, కాని ఏ బిందువునూ అవి శాశ్వతంగా విడిచిపెట్టవు.

లూజిన్ ఊహకు ఒక కారణం ఉంది. పాక్షిక మొత్తాలను సమాకలనంగా రాసినప్పుడు, బిందువుకు ఇరువైపులా ఉన్న విలువల భేదాన్ని దూరంతో భాగించవలసి వస్తుంది. ఆ సమాకలనం నిరపేక్షంగా అభిసరించకపోవచ్చు. అయినా ధన, ఋణ భాగాలు పరస్పరం కొట్టివేసుకోవడం వల్ల దాదాపు ప్రతిచోటా అది ఒక విలువను పొందుతుందని లూజిన్ చూపాడు. అభిసరణకు మూలం పదాలు చిన్నవి కావడంలో కాక ఈ పరస్పర నిర్మూలనంలో ఉన్నదని గుర్తించడమే ఆయన అంతర్దృష్టి.

ప్రతికూల ఆధారాలు మాత్రం త్వరగానే వచ్చాయి. లూజిన్ శిష్యుడు కొల్మొగొరోవ్ 1922లో, తన పంతొమ్మిదవ ఏట, దాదాపు ప్రతిచోటా అపసరించే ఫూరియే శ్రేణిని నిర్మించాడు. 1926లో దాన్ని ప్రతి బిందువు వద్దా అపసరించేదిగా మెరుగుపరిచాడు. మరో శిష్యుడు మెన్షోవ్, సైన్, కొసైన్‌లకు బదులు ఏ లంబ ప్రమేయాల కుటుంబాన్నైనా తీసుకోవచ్చునంటే, గుణకాల వర్గాల మొత్తం పరిమితం కావడం సరిపోదని 1923లో నిరూపించాడు. అనుకూల పక్షాన కొల్మొగొరోవ్–సెలివెర్స్తోవ్, ప్లెస్నర్‌ల ఫలితం ఉంది: గుణకాల వర్గాలను సంవర్గమానంతో గుణించినా మొత్తం పరిమితంగా ఉంటే అభిసరణ ఖాయం. ఆ ఒక్క సంవర్గమానాన్ని తొలగించడానికి నలభై ఏళ్లు పట్టింది. లెక్కవేసి చూసి తేల్చుకోగల విషయం కాదిది. n పది లక్షలైనప్పుడు సహజ సంవర్గమానపు వర్గమూలం సుమారు 3.7, లక్ష కోట్లైనప్పుడు 5.3 మాత్రమే.

అయితే ఈ ప్రతికూల ఆధారాల్లో ఏదీ లూజిన్ ప్రశ్నను తాకలేదు. కొల్మొగొరోవ్ ప్రమేయం సమాకలనీయమే గాని దాని వర్గం సమాకలనీయం కాదు. మెన్షోవ్ కుటుంబం సైన్, కొసైన్‌ల సహజ క్రమాన్ని పాటించదు. రెండూ పొరుగింటి సంగతులు. పొరుగున నిప్పంటుకుంటే మన ఇల్లూ తగలబడుతుందనుకోవడం సహజమే కావచ్చు, నిరూపణ మాత్రం కాదు.

స్వయంగా లూజిన్ జీవితం ఈ నడుమ కల్లోలంలో పడింది. 1936లో ప్రావ్దా పత్రిక ఆయనపై దాడికి దిగింది. సైన్స్ అకాడమీ విచారణలో శిష్యుల్లో కొందరు ఆయనకు వ్యతిరేకంగా మాట్లాడారు. 1950లో, ప్రశ్న తేలకుండానే, ఆయన కన్నుమూశాడు.

స్వీడన్‌కు చెందిన లెన్నార్ట్ కార్లెసన్ కూడా మొదట ప్రత్యుదాహరణ కోసమే వెతికాడు. ప్రయత్నించిన ప్రతి నిర్మాణమూ విఫలమైన తీరును పరిశీలించగా, అటువంటి ఉదాహరణ అసాధ్యమేనన్న నమ్మకం ఆయనకు కలిగింది. విఫలయత్నాల నుంచే నిరూపణకు దారి దొరికింది. పాక్షిక మొత్తం అత్యధికమయ్యే పౌనఃపున్యం బిందువును బట్టి మారుతుంటుంది, చిక్కంతా అక్కడే ఉంది. కార్లెసన్ అంతరాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కపై ఏ పౌనఃపున్యం ప్రబలమో చూసి, అదుపుతప్పే బిందువులను అతి తక్కువ కొలత గల సమితిలోకి నెట్టివేశాడు. 1966లో ‘ఆక్టా మాథమాటికా’లో వెలువడిన ఆ వ్యాసం ఇరవై పైచిలుకు పేజీలే అయినా అతి కఠినమైనది. అదే ఏడు అంతర్జాతీయ గణిత మహాసభలో కార్లెసన్ ప్రసంగించాడు. వేదిక లూజిన్ నగరమైన మాస్కో.

1968లో రిచర్డ్ హంట్ ఈ ఫలితాన్ని, ఘాతం 1 కంటే ఏమాత్రం ఎక్కువైనా సమాకలనీయమయ్యే ప్రమేయాలన్నిటికీ విస్తరించాడు. ఫెఫర్మన్ 1973లో, లేసీ, థీలెలు 2000లో వేరు దారుల్లో నిరూపణలిచ్చారు. అయితే చరిత్ర దృష్ట్యా అంతకంటే ఆసక్తికరమైనది 1966లోనే కాహాన్, కాట్జ్‌నెల్సన్‌లు చూపిన విలోమం: శూన్య కొలత గల ఏ సమితిని తీసుకున్నా, దానిపై అపసరించే ఫూరియే శ్రేణి గల అవిచ్ఛిన్న ప్రమేయం ఒకటుంటుంది. అంటే లూజిన్ గీసిన గీతను ఇటు గాని అటు గాని జరపలేము. డ్యుబ్వా రేమోన్ బిందువుకూ ఇందులో దాని స్థానం దానికుంది.

రెండు చరరాశుల విషయం ఇంత శుభ్రంగా లేదు. చతురస్రాకార పాక్షిక మొత్తాలకు కార్లెసన్ ఫలితం వర్తిస్తుంది. దీర్ఘచతురస్రాకార మొత్తాలకు వర్తించదు: అవిచ్ఛిన్న ప్రమేయానికి కూడా అవి ప్రతిచోటా అపసరించవచ్చునని 1971లో ఫెఫర్మన్ నిరూపించాడు. మిగిలినవి వృత్తాకార మొత్తాలు. 1936లో బాఖ్నర్ వీటికి భారాలు చేర్చి సగటులు తీసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఆ దారిలో గట్టి కృషి చేసినవారిలో మచిలీపట్నంలో జన్మించిన కొమరవోలు చంద్రశేఖరన్, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎస్. మీనాక్షిసుందరం ఉన్నారు. రీస్ సగటులపై ఈ ఇద్దరూ కలిసి రాసిన ‘టిపికల్ మీన్స్’ 1952లో వెలువడింది. భారాలు తీసివేసి వృత్తాకార మొత్తాలనే యథాతథంగా తీసుకుంటే, వర్గం సమాకలనీయమైన ప్రమేయానికి అవి దాదాపు ప్రతిచోటా అభిసరిస్తాయా అన్నది ఇప్పటికీ తేలలేదు.