ప్రేతాత్మల పుస్తకాలు - యుద్ధ దుఃఖం

అతీంద్రియ విషయాల మీద వచ్చే పుస్తకాలను మూఢనమ్మకాల చెత్త అని తోసిపుచ్చడం మనకు తేలిక. కాని తోసిపుచ్చడం విమర్శ కాదు. అవి ఏ సామాజిక అవసరం నుంచి పుట్టాయో, ఎవరి దుఃఖాన్ని పెట్టుబడిగా చేసుకున్నాయో తేల్చడమే విమర్శ. ఇందుకు మొదటి ప్రపంచయుద్ధ కాలపు ఇంగ్లీషు పుస్తకాలు మంచి ఉదాహరణ.

ఆ సామ్రాజ్యవాద యుద్ధంలో బ్రిటన్ ఏడు లక్షలకు పైగా సైనికులను పోగొట్టుకుంది. శవాలను స్వదేశానికి తేవడాన్ని 1915లోనే నిషేధించారు. ఎందరివో శవాలు అసలు దొరకనేలేదు. కడచూపు దక్కని తల్లిదండ్రులు ప్రేతాత్మలతో మాట్లాడిస్తామనే మీడియంల గుమ్మాలు తొక్కారు. రేడియో తరంగాలపై పరిశోధించిన ఆలివర్ లాడ్జి కొడుకు 1915లో యుద్ధంలో చనిపోయాడు. మరుసటి ఏడాదే లాడ్జి 'రేమండ్' ప్రచురించాడు. పరలోకంలో సిగార్లు, విస్కీసోడా దొరుకుతాయన్న మీడియం మాటలను కూడా అందులో చేర్చాడు. నవ్వు వస్తుంది. కాని కొడుకు అక్కడ సుఖంగా ఉన్నాడన్న కబురు కోసం ఆ తండ్రి పడిన ఆరాటం కనిపించాక నవ్వు ఆగిపోతుంది.

షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త ఆర్థర్ కానన్ డాయల్ కొడుకు పోయాకే ఆత్మలను నమ్మాడనడం సరికాదు. ఆయన తన విశ్వాసాన్ని 1916లోనే ప్రకటించాడు. కొడుకు కింగ్‌స్లీ మరణం 1918లో. అది ఆ విశ్వాసాన్ని మరింత బిగించింది. 1917లో కాటింగ్లీ గ్రామంలో ఇద్దరు ఆడపిల్లలు రెక్కల దేవకన్యల ఫొటోలు తీశారు. వాటిని నమ్మి డాయల్ 1922లో ఏకంగా ఒక పుస్తకం రాశాడు. మొత్తం ఐదు ఫొటోల్లో నాలుగింటికి, కాగితం బొమ్మలు కత్తిరించి టోపీసూదులతో నిలబెట్టామని వాళ్లు 1983లో ఒప్పుకున్నారు. ఆ బొమ్మలకు మూలమైన 1914 నాటి పిల్లల పుస్తకంలో డాయల్ కథ కూడా ఉండడం విచిత్రం.

శాస్త్రజ్ఞులు ఈ వలలో ఎలా పడతారు? ఎంగెల్స్ 1878లోనే వాలెస్, క్రూక్స్‌లను ఉదాహరణగా తీసుకొని జవాబు చెప్పాడు. సిద్ధాంతాన్ని ఈసడించి, కంటికి కనిపించిందే సత్యమనుకునే ఒట్టి అనుభవవాదమే అందుకు దారి.

రచయితలు గమనించవలసిన విషయం మరొకటుంది. 1924లో వెలువడిన రక్తపిశాచి కథలో కూడా హోమ్స్ దయ్యాలను దగ్గరికి రానివ్వలేదు. సాక్ష్యాన్ని అడగడం అపరాధ పరిశోధక కథకు ప్రాణం. రచయిత విశ్వాసం ఆ ప్రక్రియ ముందు తలవంచింది. బాల్జాక్‌లో ఎంగెల్స్ చూసిన వైరుధ్యానికి ఇది చిన్న తమ్ముడు. 1926 నాటి 'ద లాండ్ ఆఫ్ మిస్ట్'లో మాత్రం డాయల్ ప్రచారానికి లొంగి, ప్రొఫెసర్ ఛాలెంజర్‌ను ఆత్మవాదిగా మార్చాడు. ఆ పాత్ర అక్కడే చచ్చిపోయింది.

మన దగ్గర 1980లలో 'తులసిదళం' వంటి నవలల మీద క్షుద్రసాహిత్యమని దుమారం లేచింది. ఆ కోపం న్యాయమైనదే. చేతబడి అనుమానంతో తెలంగాణ పల్లెల్లో మనుషులను చంపిన ఘటనలున్నాయి. అయితే పసిబిడ్డ జబ్బు చుట్టూ అల్లిన భయాన్ని అంతమంది ఎందుకు చదివారు? వైద్యం అందని ఇళ్లలో ఆ భయం నిజం కనుక. ఆ భయానికి మంత్రగాడు ఒక కథ చెబుతున్నాడు. అంతకన్నా నిజమైన కథ మనం రాయనంతకాలం పాఠకుణ్ణి నిందించే హక్కు మనకు లేదు.